పుట్టకూడదు... చావకూడదు... చూసి వచ్చేయాలంతే!

అయిదు కిలోమీటర్ల పొడవు, కిలోమీటరుకు కాస్త ఎక్కువ వెడల్పు. ఊరు లేదు, హోటలు లేదు, కాసేపు నిలబడదామంటే చెట్టు నీడ కూడా సరిగా లేదు. అయినా ఒకప్పుడు మధ్యధరా సముద్రంలో సరుకున్న ప్రతి ఓడా అటే పరుగెత్తేది. గ్రీసు విహారనౌక ఎక్కినవారు గుంపులో కాకుండా సొంతంగా వెళ్లి చూడాల్సిన దీవి... డీలోస్. చేతిలో ఉండేది మాత్రం మూడే మూడు గంటలు!

ఆ దీవిలో ఎవరూ పుట్టకూడదు. ఎవరూ చావకూడదు.

నెలలు నిండిన గర్భిణి అయినా, మంచం పట్టిన ముసలాయన అయినా పడవెక్కి పక్కనున్న రినియా దీవికి వెళ్లిపోవాల్సిందే. క్రీ.పూ. 426లో ఏథెన్సు వాళ్లు పెట్టిన ఆజ్ఞ అది. అంతటితో ఊరుకోలేదు. అప్పటికే అక్కడున్న సమాధులన్నీ తవ్వించి అస్థికల్ని రినియాకు తరలించారు. మరో నాలుగేళ్లకు, ఆ దీవినే నమ్ముకుని బతుకుతున్న జనాన్ని కూడా వెళ్లగొట్టారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ రానిచ్చారనుకోండి, అది వేరే సంగతి.

ఎందుకంత పట్టుదల? గ్రీకుల అపోలో దేవుడు పుట్టిన చోటు అది. దేవుడు పుట్టిన నేల మీద మనుషుల పురుడూ, చావు మైలా ఉండకూడదన్నది వాళ్ల వాదన.

ఇది జరిగి 2,400 ఏళ్లు దాటిపోయింది. గుళ్లు కూలిపోయాయి, పూజలు ఆగిపోయాయి, ఆ దేవుణ్ని కొలిచే జనమూ లేరు. పద్ధతి మాత్రం దాదాపు అలాగే ఉంది. కాపలాదారులు, తవ్వకాలు జరిపే నిపుణులు తప్ప ఇప్పటికీ డీలోస్‌లో రాత్రి ఎవరూ నిద్రచేయడానికి వీల్లేదు. పొద్దున్నే పడవలో వెళ్లాలి. చూడాలి. పడవలోనే తిరిగొచ్చేయాలి. నాగార్జునకొండకు లాంచీలో వెళ్లొచ్చినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు.

అరగంట దూరంలో...

విహారనౌకల ప్రయాణ పట్టికలో డీలోస్ పేరు చాలా అరుదు. అందులో ఉండేది పక్కనే ఉన్న మికనోస్ పేరు. నౌక అక్కడ ఓ పూట ఆగుతుంది. దిగినవాళ్లలో ఎక్కువమంది సున్నం కొట్టిన తెల్లటి ఇళ్ల సందుల్లో తిరిగి, గాలిమరల దగ్గర ఫొటోలు దిగి, ఓ కాఫీ తాగి మళ్లీ నౌకెక్కేస్తారు. అక్కడికి అరగంట పడవ ప్రయాణంలో ఓ మహానగరం శిథిలమై పడి ఉందని తెలిసిన కొద్దిమంది మాత్రం పాత రేవు వైపు అడుగులేస్తారు.

డీలోస్‌కు తీసుకెళ్లే ప్యాకేజీలను నౌకల్లోనూ అమ్ముతుంటారు. అందులో సుఖం ఉంది. గైడు అన్నీ వివరిస్తాడు. ఆలస్యమైనా తాము పంపిన బృందం కోసం నౌక ఆగుతుంది. మరి సొంతంగా వెళ్లడం ఎందుకు?

ఎందుకంటే గుంపుతో వెళ్తే గుంపు ఆగినచోటే ఆగాలి. పేరున్న సింహాల ముందు పది నిమిషాలు, గుడి పునాదుల దగ్గర పది నిమిషాలు, చరిత్ర పాఠం పావుగంట... ఇంతలో వెనక్కెళ్లే వేళవుతుంది. కొండ ఎక్కే తీరిక దొరకదు. ఏ ఇంటి గడప దగ్గరో నిలబడి, ఇక్కడ ఎవరుండేవారో, ఏం వండుకునేవారోనని ఊహించుకునే వ్యవధీ ఉండదు. డీలోస్‌లో అసలు చూడాల్సింది దేవుడి గుళ్లు కాదు... మనుషుల ఇళ్లు. అవి నింపాదిగా తిరిగితేనే కళ్లకు ఆనుతాయి.

రెండు గడియారాలు

సొంతంగా వెళ్లేవాళ్లు ఒకటికి రెండు గడియారాలు చూసుకోవాలి. ఒకటి పడవది. రెండోది నౌకది.

ముందు నౌక సంగతి. మికనోస్‌లో అది ఏ వేళప్పుడు ఆగుతుందో టికెట్టు కొనేముందే చూసుకోవాలి. ఏథెన్సు దగ్గరి పిరేయస్ రేవు నుంచి బయల్దేరే మూడు నాలుగు రోజుల నౌకలు కొన్ని సాయంత్రం పూట మికనోస్ చేరి రాత్రి వెళ్లిపోతాయి. వాటిలో వెళ్తే డీలోస్‌ను దూరం నుంచి చూడటమే. పొద్దున చేరి సాయంత్రం దాకా ఉండే నౌక అయితేనే ఆశ.

పెద్ద నౌకలు ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలోని కొత్త రేవులో ఆగుతాయి. అక్కడ చోటు లేకపోతే సముద్రంలోనే లంగరేస్తాయి. అప్పుడు చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాలి. సాధారణంగా ప్యాకేజీ కొన్నవాళ్లను ముందు దించి, మిగతావాళ్లను తర్వాత పంపుతారు. అందుకని గంటసేపు అందులోనే పోతుందని లెక్కేసుకోవడం మంచిది. డీలోస్ పడవలు ఎక్కేది ఊళ్లోని పాత రేవులో. పొద్దుటిపూట కొన్ని పడవలే ఉంటాయి. వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి ముందే కనుక్కోవాలి. వెళ్లడానికి ఏ పడవ ఎక్కాలన్న దానికంటే, తిరిగి రావడానికి ఏ పడవ దొరుకుతుందన్నదే ముఖ్యం. పడవ టికెట్టు వేరు, దీవిలో ప్రవేశ రుసుం వేరు.

ఇక నౌక బయల్దేరే సమయం. అయిదింటికి కదులుతుందంటే కనీసం అరగంట ముందే లోపల ఉండాలి. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఎవరూ ఎదురుచూడరు. నౌక తప్పిపోతే తర్వాతి రేవుకు సొంత ఖర్చుతో వెళ్లి అందుకోవాల్సిందే. అందుకే ఆఖరి పడవను నమ్ముకోకూడదు. దానికి ముందు పడవలో తిరిగొచ్చేయాలి. ఇంకో తిరకాసు... కొన్ని నౌకల్లో పాటించే సమయం ఒడ్డు మీది సమయంతో కలవదు. చేతిలోని సెల్‌ఫోను ఒడ్డు సమయానికి మారిపోతుంది. దిగేముందు రెండూ సరిచూసుకోవాలి.

జులై, ఆగస్టుల్లో అయితే గాలితో కూడా పేచీ. ఉత్తరం నుంచి వీచే ఆ వేసవి గాలిని గ్రీకులు మెల్తెమి అంటారు. అది రేగితే పడవలు ఆపేస్తారు. నౌకలే మికనోస్‌లో ఆగకుండా వెళ్లిపోయే రోజులూ ఉంటాయి.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంజెన్ వీసా తప్పనిసరి. నౌక మధ్యలో టర్కీ వెళ్లి మళ్లీ గ్రీసు వచ్చేదైతే, ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశానికి అనుమతించే వీసా ఉండాలి. 2025 జులై నుంచి మికనోస్, శాంటోరినీల్లో దిగే నౌకా ప్రయాణికులపై గ్రీసు ప్రభుత్వం ప్రత్యేక రుసుం వేసింది. రద్దీ నెలల్లో అది తలకు 20 యూరోలు.

దించితే చాలు... అమ్ముడే!

పడవ దిగగానే చాలామంది ఎడమవైపు దారి పడతారు. గుళ్లూ, సింహాలూ అటే ఉన్నాయి మరి. పొద్దుటి చల్లదనం ఉండగానే ముందు కుడివైపు వెళ్లి, ఇళ్లు చూసుకుంటూ కొండెక్కి, దిగేటప్పుడు గుళ్లవైపు వస్తే ఎండ దెబ్బా తప్పుతుంది, గుంపూ తప్పుతుంది.

రేవును ఆనుకునే ఓ చదును నేల కనిపిస్తుంది. చుట్టూ దుకాణాల ఆనవాళ్లు. రోమన్ల నాలుగు దారుల కూడలి దేవతలను కొలిచే సంఘం ఒకటి ఇక్కడ ఉండేది. అందులో సభ్యులు బానిసలు, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు. ఇప్పటికీ ఆ చౌకును వాళ్ల సంఘం పేరుతోనే పిలుస్తారు. డీలోస్ కథ మలుపు తిరిగింది ఈ రేవులోనే.

దేవుడి దీవిని సంతగా మార్చింది రోమ్. అప్పట్లో ఆ సముద్రంలో వ్యాపారానికి పెద్దదిక్కు రోడ్స్ దీవి. దాని మీద కోపమొచ్చిన రోమ్, క్రీ.పూ. 166 ప్రాంతంలో డీలోస్‌ను ఏథెన్సుకు అప్పగించి అక్కడ రేవు సుంకం ఎత్తేసింది. సుంకం లేనిచోటు ఉండగా ఉన్నచోటికి ఎవరెళ్తారు? రోడ్స్‌కు రేవు మీద వచ్చే ఆదాయం పది లక్షల డ్రాక్మాల నుంచి లక్షన్నరకు పడిపోయిందట. మరో ఇరవై ఏళ్లకు, క్రీ.పూ. 146లో, కోరింత్ నగరాన్ని రోమన్లు నేలమట్టం చేయడంతో అక్కడి వ్యాపారమూ ఇటే మళ్లింది. దీవిలో అసలు కాపురమున్న డీలోస్ జనాన్ని మాత్రం మరోసారి వెళ్లగొట్టారు. వాళ్ల స్థానంలో ఇటలీ, సిరియా, ఈజిప్టు, ఫినీషియాల నుంచి వ్యాపారులొచ్చి దిగారు. ఒక దశలో ఈ చిన్న దీవిలో పాతిక ముప్ఫైవేల మంది ఉండేవారని అంచనా.

నూనె, సారా, ధాన్యం... వాటన్నిటికంటే గిరాకీ ఉన్న సరుకు మరొకటి ఉండేది. మనిషి! రోజుకు పదివేల మంది బానిసల్ని దించుకుని, అదే రోజు అమ్మి పంపేయగల సత్తా ఈ రేవుకు ఉండేదని ప్రాచీన భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. ఓడలోంచి దించడమే ఆలస్యం అమ్ముడైపోతుందంటూ ఇక్కడి మీద ఓ సామెతే పుట్టిందట. గుళ్లవైపున్న ఇటాలియన్ల అంగడి ఆ బానిసల సంతేనని కొందరు పండితులంటే, కాదని కొందరు వాదిస్తారు. ఏదైనా, ఇక్కడ పుట్టడానికీ చావడానికీ వీల్లేదన్న నేల మీద మనిషిని అమ్మడానికి మాత్రం ఏ మైలా అడ్డు రాలేదు!

అచ్చం మండువా ఇళ్లే

రేవు నుంచి పైకి వెళ్లే ఇరుకు సందులో అడుగుపెడితే కాలం వెనక్కి తిరిగినట్టే ఉంటుంది. రెండువైపులా మనిషెత్తు గోడలు. మధ్యలో రాళ్లు పరిచిన బాట. కింద మురుగు కాలువ. వీధిలోకి తెరుచుకునే దుకాణాలు. వాటి మధ్య ఇంటి గుమ్మాలు.

ఏ గుమ్మం దాటి లోపలికి వెళ్లినా తెలుగువాడికి ఒక్కటే గుర్తొస్తుంది... గోదావరి జిల్లాల మండువా లోగిలి. మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ స్తంభాల వసారా, దాని చుట్టూ గదులు. వాన నీళ్లు చూరు మీంచి జారి ముంగిట్లో పడేలా కట్టారు. తేడా ఒక్కటే. ఇక్కడ ఆ నీళ్లు బయటికి పోవు. ముంగిలి కిందే తొట్టి తవ్వి దాచుకున్నారు. నీటి ఎద్దడి ఉన్న రాతి దీవి కదా, చినుకు చినుకూ లెక్కే.

ఆ ముంగిళ్లలో నేల మీద పరిచింది మామూలు రాళ్లు కాదు. రంగురాళ్ల ముక్కలు ఏరి పేర్చిన బొమ్మలు. 'డయోనైసస్ ఇల్లు' అని పేరుపెట్టిన ఇంట్లో రెక్కలున్న దేవుడు పులి మీద స్వారీ చేస్తుంటాడు. మరో ఇంట్లో లంగరుకు చుట్టుకున్న డాల్ఫిన్, త్రిశూలం. ఓడల మీద బతికేవాళ్ల ఇల్లని చెప్పకనే చెబుతుంది. 'డాల్ఫిన్ల ఇంటి' గడప దాటగానే నేల మీద ఓ గుర్తు... త్రిభుజం మీద అడ్డగీత, దానిపైన గుండ్రటి తల. ఫినీషియన్లు కొలిచే తానిత్ దేవత చిహ్నం. మన గుమ్మాలకు దిష్టిబొమ్మ కట్టినట్టు, చెడు లోపలికి రాకుండా వేయించుకుని ఉంటారని భావిస్తారు. అదే ఇంట్లో బొమ్మ పేర్చిన పనివాడు తన పేరు, ఊరు కూడా రాసుకున్నాడు. 'ఆరదోస్ వాసి అస్‌క్లెపియాదీస్' అని. ఆరదోస్ ఇప్పటి సిరియా తీరంలోని దీవి. పని వెతుక్కుంటూ సముద్రం దాటొచ్చిన వలస కళాకారుడన్న మాట.

ఇంకో ఇంట్లో రెండు రాతి విగ్రహాలు నిలబడి ఉంటాయి. తలల్లేవు. చీర కుచ్చిళ్లలా జాలువారే వస్త్రం చుట్టుకున్న స్త్రీ, పక్కన ఆమె భర్త. ఆమె పేరు క్లియోపాత్ర. ఈజిప్టు రాణి కాదు, ఆమె కంటే ఓ శతాబ్దం ముందు ఏథెన్సు నుంచి వచ్చి స్థిరపడ్డ గృహిణి. భర్త డయోస్కురిడీస్ అపోలో గుడికి రెండు వెండి ముక్కాలిపీటలు సమర్పించాడని గర్వంగా శాసనం చెక్కించి మరీ ఆయన విగ్రహం పెట్టించింది. క్రీ.పూ. 138 నాటి సంగతి. గుడికి ఫ్యాను ఇచ్చి రెక్కల మీద పేరు రాయించుకునే అలవాటు మనదొక్కటే కాదు!

సందు చివర థియేటర్. అయిదువేల పైచిలుకు జనం కూర్చునేలా కట్టారు. మెట్లు చాలావరకు చెదిరిపోయాయి. అయితే అసలు విశేషం దాని కింద ఉంది. మెట్ల మీద పడ్డ వాన నీరంతా ఒకచోటికి చేరేలా పెద్ద నీటి తొట్టి కట్టి, దానిపైన రాతి కమానులు నిలిపారు. తొట్టి పైకప్పు పోయినా కమానులు వరసగా నిలిచే ఉన్నాయి. నాటకం చూసే జనానికి అది ఆటస్థలం. ఊరికి మాత్రం అదే చెరువు.

కొండ మీంచి చూస్తే...

థియేటర్ నుంచి బాట కింథోస్ కొండ వైపు సాగుతుంది. ఎత్తు 110 మీటర్ల పైచిలుకు. మన తిరుమల మెట్లతో పోలిస్తే ఇదో లెక్క కాదు. అయినా నీడ లేని రాతి మెట్లు కాబట్టి నీళ్ల సీసా, టోపీ లేకుండా ఎక్కకూడదు. గాలి బలంగా ఉన్న రోజు పైన నిలబడటమే కష్టం.

దారిలోనే పరాయి దేవుళ్ల గుళ్లు. ఈజిప్టు వాళ్ల ఐసిస్, సెరాపిస్... సిరియా వాళ్ల అటర్గటిస్. ఐసిస్ గుడి ముఖభాగాన్ని మళ్లీ నిలబెట్టారు. లోపల తల లేని దేవత ఇంకా నిలబడే ఉంది. దీవికి అవతలి ఒడ్డున యూదుల ప్రార్థనా మందిరంగా గుర్తించిన కట్టడమూ ఉంది. వ్యాపారం కోసం వచ్చినవాళ్లు ఎవరి దేవుణ్ని వాళ్లు వెంట తెచ్చుకున్నారు. అపోలో అభ్యంతరం చెప్పినట్టు ఎక్కడా లేదు.

పైకి చేరాక చుట్టూ చూస్తే... నాలుగు వైపులా నీలం సముద్రం, అందులో వలయంగా దీవులు. ఆ దీవుల గుంపును సైక్లడీస్ అంటారు. గ్రీకులో వలయం అన్న మాట నుంచి పుట్టిన పేరది. ఆ వలయానికి నడిబొడ్డు డీలోస్. ఈ కొండ మీద నిలబడితేనే ఆ పేరు అర్థమవుతుంది.

కింద మాత్రం కనుచూపు మేర కూలిన గోడలు. అంత సంపద ఏమైంది? రెండు దెబ్బలకు పోయింది. క్రీ.పూ. 88లో రోమ్ మీద పగబట్టిన పాంటస్ రాజు మిత్రిడేటిస్ సేనలు దీవి మీద పడ్డాయి. ఇరవైవేల మందిని చంపారని ప్రాచీన చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది ఇటలీ వాళ్లే. చావు నిషిద్ధమైన నేల ఒక్కసారిగా శవాల దిబ్బయింది. కోలుకునేలోపే క్రీ.పూ. 69లో సముద్రపు దొంగలు దోచేశారు. వ్యాపార మార్గాలు మారిపోయాయి. క్రీ.శ. రెండో శతాబ్దపు యాత్రికుడు పాసనియస్, ఏథెన్సు పంపిన కాపలావాళ్లను తీసేస్తే ఇక్కడ మనిషన్నవాడే ఉండడన్నట్టు రాశాడు. ఆ తర్వాత వందల ఏళ్లపాటు చుట్టుపక్కల వాళ్లకు ఇదో రాళ్ల గని. 1873 నుంచి ఏథెన్సులోని ఫ్రెంచి పురావస్తు పాఠశాల తవ్వకాలు మొదలుపెట్టాకే నగరం మళ్లీ వెలుగు చూసింది. 1990లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

సవతి పోరు... ఖర్జూర చెట్టు

కొండ దిగి గుళ్లవైపు వస్తే అపోలో కథ మొదలైన చోటు. దేవతల రాజు జియస్ వల్ల లీటో గర్భవతి అయింది. ఆయన భార్య హీరాకు అసూయ రగిలింది. లీటోకు పురిటికి చోటివ్వడానికి ఏ నేలా సాహసించలేదు. ఆఖరికి సముద్రంలో దిక్కులేకుండా తేలుతున్న బీడు రాతి దీవి ఒక్కటే సరేనంది. అదే డీలోస్. తొమ్మిది రోజులు నొప్పులు పడి, ఖర్జూర జాతి చెట్టును పట్టుకుని ఆమె అపోలోను కంది. కవల ఆర్టెమిస్ కూడా ఆమె బిడ్డే. పురిటికి చోటిచ్చిన పుణ్యానికే గొప్పదైన దీవిలో, తర్వాత ఏ తల్లికీ పురిటికి చోటు లేకుండా చేశారు మనుషులు!

పుణ్యస్థలం పక్కనే గుండ్రటి కోనేరు ఉండేది. ఇప్పుడు లేదు. దోమలు పెరిగి మలేరియా భయం పట్టుకోవడంతో 1920ల్లో దాన్ని ఎండగట్టేశారు. హద్దు తెలిసేలా చుట్టూ గోడ కట్టి, మధ్యలో కథకు గుర్తుగా ఓ ఖర్జూర జాతి చెట్టు నాటారు.

కోనేటి వైపు తిరిగి బారులుతీరి కూర్చున్నవే ప్రసిద్ధ సింహాలు. క్రీ.పూ. ఏడో శతాబ్దం చివర్లో నాక్సోస్ దీవి వాళ్లు తెల్లరాతితో చేయించి సమర్పించారు. నోళ్లు తెరిచి, ముందు కాళ్లు నిటారుగా పెట్టి కూర్చున్న బక్కపలచటి సింహాలు. బయట కనిపించేవి నమూనాలే. అసలువి ఉప్పుగాలికి అరిగిపోతుంటే 1999లో మ్యూజియంలోకి మార్చారు. మరమ్మతుల కోసం మ్యూజియం మూసిన రోజులుంటాయి కాబట్టి ముందే అడిగి వెళ్లడం మేలు. ఒక సింహం ఏనాడో వెనిస్ చేరి, అతికించిన వేరే తలతో అక్కడి పాత నౌకాస్థావరం ముందు కూర్చుంది.

నాక్సోస్ వాళ్లదే మరో కానుక... దాదాపు తొమ్మిది మీటర్ల అపోలో విగ్రహం. ఇప్పుడు మొండెం ముక్కలు మాత్రం గుడి ఆవరణలో పడున్నాయి. పాదం ముక్క లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానిది ఓ విషాదం. క్రీ.పూ. 417లో ఏథెన్సు నాయకుడు నికియాస్ కంచుతో ఖర్జూర చెట్టు చేయించి పక్కన నిలబెట్టాడు. తర్వాతెప్పుడో పెనుగాలికి అది విరిగి ఈ విగ్రహం మీదే పడింది!

నికియాస్ గురించి ప్లూటార్క్ రాసిన ముచ్చట విహారనౌకల వాళ్లకు బాగా నచ్చుతుంది. అప్పట్లో ఉత్సవానికి పాటగాళ్ల బృందాలు ఓడల్లో వచ్చేవి. ఓడ ఒడ్డు తాకడమే ఆలస్యం, జనం ఎగబడి పాడమనేవారు. వాళ్లు ఓ పక్క దిగుతూ, ఓ పక్క పూలదండలు వేసుకుంటూ, దుస్తులు మార్చుకుంటూ హడావిడి పడేవారు. నికియాస్ వంతు వచ్చినప్పుడు తన బృందాన్ని ముందు రినియాలో దింపాడు. ఏథెన్సులోనే కొలతలు తీసి చేయించి తెచ్చిన వంతెనను రాత్రికి రాత్రి రెండు దీవుల మధ్య జలసంధి మీద వేయించాడు. తెల్లారేసరికి బృందం పాడుకుంటూ దర్జాగా నడిచొచ్చింది. పడవ దిగేటప్పటి తోపులాట ఇవాళ్టిది కాదన్న మాట.

ఓడ రాకపోతే బావుండు!

తిరుగు పడవ కోసం రేవులో నిలబడ్డప్పుడు గుర్తుకు తెచ్చుకోవాల్సిన కథ మరొకటుంది.

క్రీ.పూ. 399. ఏథెన్సులో సోక్రటీసుకు మరణశిక్ష పడింది. వెంటనే అమలు చేయాలి. కానీ అంతకు ముందురోజే డీలోస్ వెళ్లే పవిత్ర నౌక వెనుకభాగానికి పూలదండ వేశారు. ఏటా అపోలోకు మొక్కు చెల్లించడానికి వెళ్లే నౌక అది. అది వెళ్లి తిరిగొచ్చేదాకా నగరంలో ఎవరి ప్రాణమూ తీయకూడదన్నది నియమం. ఎదురుగాలి వీస్తే ఆ ప్రయాణం ఎంతకీ తెమిలేది కాదు. అలా దాదాపు నెల రోజులు సోక్రటీసు జైల్లో స్నేహితులతో మాట్లాడుతూ గడిపాడు. నౌక ఇంకా రాకూడదని ఆ స్నేహితులు ఎంతగా కోరుకుని ఉంటారో! వచ్చింది. మర్నాడే ఆయన విషం తాగాడు.

ఇవాళ అదే రేవులో నిలబడ్డ యాత్రికుడి బాధ తిరగేసి ఉంటుంది. పడవ త్వరగా రావాలి. మికనోస్ చేరాలి. నౌక కదిలేలోగా ఎక్కాలి. చూపు చేతి గడియారం మీద, సముద్రం మీద. మూడు గంటల్లో చూసింది కొంత, చూడనిది కొండంత.

ఈసారి మాత్రం టైము తక్కువగా ఉన్నది యాత్రికుడికే కాదు. డీలోస్ చుట్టూ సముద్ర మట్టం పెరుగుతోంది. తీరాన్ని ఆనుకుని ఉన్న పాత గోదాముల గోడల్లోకి ఉప్పునీరు చేరి రాళ్లను తినేస్తోంది. కొన్ని గోడలకు కర్రల ఊతం పెట్టి నిలబెట్టారు. పరిస్థితి ఇలాగే కొనసాగితే మరో యాభై ఏళ్లలో ఈ శిథిలాలు దక్కవని అక్కడ తవ్వకాలు జరుపుతున్న ఫ్రెంచి సంస్థ నిపుణులు 2024లో హెచ్చరించారు. నీటి కింద నగరం పోగొట్టుకోవడమంటే ఏమిటో మనకు చెప్పక్కర్లేదు. నాగార్జునసాగర్ నిండకముందు 1954-60 మధ్య హడావిడిగా తవ్వి, దొరికినన్ని తెచ్చి కొండ మీద పెట్టుకున్నాం. మిగతా విజయపురి నీళ్లలోనే ఉంది. డీలోస్‌లో గోడలున్న నగరమంతటినీ ఎత్తి పక్కన పెట్టడం కుదిరే పని కాదు.

పడవ కదులుతుంది. కింథోస్ కొండ చిన్నదవుతూ పోతుంది. సాయంత్రానికి ఆఖరి పడవ కూడా వెళ్లిపోయాక దీవిలో మిగిలేది కొద్దిమంది కాపలాదారులు, గోడల మీద బల్లులు, తలలేని క్లియోపాత్ర దంపతులు. పుట్టుకనూ చావునూ మనుషులకు నిషేధించిన ఆ దీవి, తన చావును మాత్రం తానే ఎదురుగా చూస్తూ కూర్చుంది. గ్రీసు వెళ్లే అవకాశం వస్తే... గాలిమరల దగ్గర ఫొటో తర్వాతైనా దిగొచ్చు. ముందు పాత రేవు ఎటో అడగండి!